పిండంలో లింగభేదం: ‘నిర్ధారణ’ అనే మాట వెనుక చరిత్ర – కోనసీమ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగులో ‘లింగ నిర్ధారణ’ అనే ఒకే మాట మూడు వేర్వేరు విషయాలకు వాడుకలో ఉంది. గర్భస్థ శిశువు ఆడో మగో కనిపెట్టడం ఒకటి, క్రోమోజోముల ద్వారా అది నిర్ణయమవడం రెండవది, పిండంలో స్త్రీ పురుష అవయవాలు క్రమంగా రూపొందడం మూడవది. మూడవ అర్థం మొదటి రెండింటి వెనుక మరుగున పడింది. ఆ మరుగుకు గల చరిత్రను ఆయుర్వేద సంహితలు, ర్యాలి శిల్పం, ఆధునిక పిండశాస్త్రం, తెలుగు నేలతో సంబంధమున్న జన్యు పరిశోధనల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: లింగ విభేదనం, పిండశాస్త్రం, పుంసవనం, ర్యాలి, వై క్రోమోజోము, మేనరికం, కోనసీమ.

1. ఒక మాట, మూడు అర్థాలు

అమలాపురం, రాజోలు, కొత్తపేటలలోని స్కానింగ్ కేంద్రాల గోడలమీద ఒక తెలుగు బోర్డు ఉంటుంది. గర్భస్థ శిశువు లింగ నిర్ధారణ చట్టరీత్యా నేరమని దాని సారాంశం. 1994లో పార్లమెంటు ఆమోదించి, 1996 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చి, 2003లో సవరణ పొందిన చట్టం ప్రకారం ఆ బోర్డు స్థానిక భాషలో ఉండి తీరాలి. అదే ఊరి కళాశాలలో జంతుశాస్త్ర అధ్యాపకులు ‘లింగ నిర్ధారణ’ అనే శీర్షిక కింద ఎక్స్, వై క్రోమోజోములను బోధిస్తారు. బోర్డు మీది మాటకు అర్థం కనిపెట్టడం. పాఠంలోని మాటకు అర్థం నిర్ణయమవడం. ఈ రెండింటి నడుమ పిండ శరీరం కొన్ని వారాల పాటు స్త్రీ రూపంగానో పురుష రూపంగానో మలచుకునే ప్రక్రియ ఉంది. దానికి ‘లింగ విభేదనం’ అనే పారిభాషిక పదం ఉన్నా, అది పాఠ్యగ్రంథం దాటి జనంలోకి రాలేదు.

ఇది పదాల పట్టింపు మాత్రమే కాదు. నిర్ధారణ అంటే అప్పటికే ఉన్నదాన్ని ఖాయం చేయడం. ఆ మాట ఒక్కటే చలామణిలో ఉన్నంత కాలం లింగం గర్భంలో తొలి క్షణం నుంచీ పూర్తి రూపంతో ఉంటుందనీ, కంటికి కనిపించడమే ఆలస్యమనీ వినేవారు అనుకుంటారు. పదవ తరగతి జీవశాస్త్రం చదివిన ప్రతి విద్యార్థికీ తండ్రి నుంచి వచ్చే ఎక్స్ లేదా వై సంగతి తెలుసు. ఆడపిల్లలనే కంటున్నదని కోడలిని నిందించే అలవాటుకు ఆ పాఠం శాస్త్రీయమైన జవాబు. దాని విలువ తక్కువది కాదు. అయితే అది కథను ఫలదీకరణంతోనే ముగిస్తుంది. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

2. సంహితల్లో ‘వ్యక్తం’ కావడం

చరక, సుశ్రుత సంహితల శారీరస్థానాలు గర్భోత్పత్తిని విస్తారంగా చర్చించాయి. శుక్రం అధికమైతే పుత్రుడు, ఆర్తవం అధికమైతే పుత్రిక, రెండూ సమమైతే నపుంసకం అన్నది వాటి మూల సూత్రం. సుశ్రుతం ప్రకారం రెండవ నెలలో గర్భం గుండ్రని ముద్దగా ఉంటే పురుషుడు, పొడవైన కండ వలె ఉంటే స్త్రీ, గడ్డ వలె ఉంటే నపుంసకం. మగ శిశువుకు కుడి పక్షం, ఆడ శిశువుకు ఎడమ పక్షం అన్న విభజన కూడా ఈ గ్రంథాల్లో బలంగా ఉంది. గర్భిణి కుడి కన్ను పెద్దదిగా కనిపించడం, నడకలో కుడికాలు ముందు పడడం వంటి గుర్తులను అవి చెబుతాయి. కుడి ఎడమల సిద్ధాంతం భారతదేశానికే పరిమితం కాదు. గ్రీకు తాత్త్వికుడు పార్మెనిడీస్ కూడా అదే అన్నాడు, అరిస్టాటిల్ దాన్ని ఖండించాడు.

వీటన్నిటిలో చరిత్రకారునికి అమూల్యమైనది పుంసవన ప్రకరణం. గర్భం వ్యక్తం కాకముందే, అంటే స్త్రీ పురుష చిహ్నాలు తేటపడక ముందే, ఈ కర్మ చేయాలని చరకం విధిస్తుంది. కోనసీమ వైదిక కుటుంబాల్లో ఎక్కువగా అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం దీనికి తిష్య నక్షత్రాన్ని, మర్రి చిగురు రసాన్ని గర్భిణి కుడి ముక్కులో వేయడాన్ని చెప్పింది. ఆ రసం పిండాన్ని మగవానిగా మార్చదు. దాని వెనుక ఉన్న ఆలోచన మాత్రం గమనింపదగినది. గర్భానికి ఆడో మగో తేలని ఒక దశ ఉందని, ఆ దశకు ఒక గడువు ఉందని ఈ విధి ముందుగానే ఒప్పుకుంటోంది. ‘వ్యక్తం’ అనే పదంలో కాలక్రమం ఉంది, ‘నిర్ధారణ’లో అది లేదు.

దీన్నిబట్టి ప్రాచీనులకు ఆధునిక పిండశాస్త్రం తెలుసని వాదించడం తొందరపాటు. సంహితల మూల సూత్రం తల్లి అంశకు, తండ్రి అంశకు నడుమ జరిగే పోటీ. ఆడపిల్ల పుట్టిందంటే తల్లి అంశ గెలిచిందని అర్థం. కోడలిమీది నిందకు ఈ పోటీ సూత్రం శాస్త్ర గౌరవాన్ని సమకూర్చింది. పుంసవనం మగ సంతానం కోసమే ఉండడం కూడా ఆ మొగ్గును దాచలేదు. ఇక పోటీ సమమైతే పుట్టే మూడవ రకానికి సంహితలు చాలా భేదాలు చెప్పాయి, తెలుగు సాహిత్యం ‘పేడి’ అనే దేశ్య పదాన్ని ఇచ్చింది. విరాటుని కొలువులోని బృహన్నల వేషానికి తిక్కన పాఠకులు ఎరిగిన పదం అదే.

3. ర్యాలి: ముందు కేశవుడు, వెనుక మోహిని

కొత్తపేటకు చేరువలో, ఆత్రేయపురం మండలం ర్యాలి గ్రామంలో జగన్మోహినీ కేశవస్వామి ఆలయం ఉంది. ఏకశిలా విగ్రహం ముందువైపు శంఖచక్రధారియైన కేశవుడు, వెనుకవైపు కొప్పుతో నిలిచిన మోహిని. మోహిని వెంట శివుడు పరుగెత్తగా ఆమె సిగలోని పువ్వు రాలిన చోటు కనుక ఊరికి ర్యాలి అన్న పేరు వచ్చిందని స్థలపురాణం. ఎదురుగానే ఉమా కమండలేశ్వర ఆలయం ఉంది. అర్చకులు భక్తులను విగ్రహం వెనుకకు తీసుకువెళ్లి దీపపు వెలుగులో జడను, నడుమును చూపించడం అక్కడి ఆచారం.

ఒకే శిలలో స్త్రీ పురుషులున్నారు కనుక ఈ శిల్పం పిండ రహస్యాన్ని చెబుతోందనే వ్యాఖ్యానం సులభంగా పుడుతుంది. శిల్పి ఉద్దేశం భాగవత కథ, పిండశాస్త్రం కాదు. అయినా పోలికను వెంటనే తోసిపుచ్చడం కంటే అది ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ విరుగుతుందో చూడడం ప్రయోజనకరం. ర్యాలిలో ఉన్నవి రెండు పూర్తి రూపాలు. ఒకటి మరొకటిగా మారడం లేదు, ఒకదానికొకటి వెన్నుతో అంటుకొని ఉన్నాయి. అర్ధనారీశ్వరునిలో విభజన కుడి ఎడమలది. మానవ పిండం ఈ రెండు పద్ధతుల్లో దేన్ని పాటిస్తుంది? అవయవాన్ని బట్టి జవాబు మారుతుంది.

4. నాళాలు రెండు జతలు, అంకురం ఒక్కటే

పద్దెనిమిదవ శతాబ్ది ఐరోపాలో అండంలోనో శుక్రకణంలోనో సూక్ష్మరూపంలో పూర్తి జీవి ఉంటుందన్న మతం బలంగా ఉండేది. 1759లో కాస్పర్ ఫ్రెడ్రిక్ వోల్ఫ్ కోడి పిండాలను పరిశీలించి, అవయవాలు ముందే ఉండవనీ, ఒకదాని తర్వాత ఒకటి కొత్తగా ఏర్పడతాయనీ వాదించాడు. తొలిదశ మూత్రపిండం వెంట సాగే నాళానికి ఆయన పేరు నిలిచింది. 1830లో జొహన్నెస్ ముల్లర్ దాని పక్కనే సాగే మరొక నాళం జతను వర్ణించాడు. ఈ రెండు పేర్లే నేటికీ వైద్య విద్యార్థులు కంఠస్థం చేసేవి.

ఫలదీకరణం జరిగిన ఐదవ వారంలో పిండం ఉదర కుహరపు వెనుక గోడమీద రెండు గట్లు లేస్తాయి. బీజకణాలు అక్కడ పుట్టవు. అవి సొనసంచి గోడ నుంచి ప్రయాణం చేసి ఆ గట్లను చేరుకుంటాయి. ఆరవ వారం వరకు ఆ గట్టు వృషణంగా మారగలదు, అండాశయంగానూ మారగలదు. క్రోమోజోములు ఎక్స్‌ఎక్స్ అయినా, ఎక్స్‌వై అయినా సూక్ష్మదర్శినిలో దాని రూపం ఒక్కటే. సుమారు 41వ రోజున, వై ఉన్న పిండంలో ఎస్‌ఆర్‌వై అనే జన్యువు పని మొదలుపెడుతుంది. అది సాక్స్‌9 అనే మరో జన్యువును మేల్కొలిపితే గట్టులోని ఆధార కణాలు సెర్టోలీ కణాలుగా మారి వృషణ నిర్మాణానికి పూనుకుంటాయి. ఆ తర్వాతి పని హార్మోనులది. సెర్టోలీ కణాలు స్రవించే యాంటీ ముల్లేరియన్ హార్మోను ముల్లర్ నాళాలను కరిగిస్తుంది. ఎనిమిదవ వారం నుంచి లేడిగ్ కణాల టెస్టోస్టిరాన్ వోల్ఫ్ నాళాలను నిలబెట్టి శుక్రవాహికలుగా, శుక్రాశయాలుగా తీర్చిదిద్దుతుంది. ఈ రెండు హార్మోనులూ లేనిచోట వోల్ఫ్ నాళాలు క్షీణిస్తాయి. ముల్లర్ నాళాలు ఫెలోపియన్ నాళాలుగా, గర్భాశయంగా పెరుగుతాయి.

అంటే నాళాల విషయంలో పిండం ర్యాలి విగ్రహం వంటిదే. ప్రతి పిండంలోనూ రెండు జతలూ ఉంటాయి, ఒక జత మిగులుతుంది. తొలగిన జత కూడా పూర్తిగా చెరిగిపోదు. పురుషుని ప్రోస్టేటులో ముల్లర్ నాళపు చిన్న సంచి, స్త్రీ యోని గోడ పక్కన వోల్ఫ్ నాళపు అవశేషం జీవితాంతం ఉంటాయి. బాహ్య జననాంగాల సంగతి వేరు. అక్కడ రెండు జతలు లేవు. ఒకే అంకురం, ఒకే జత మడతలు, ఒకే జత ఉబ్బులు ఉన్నాయి. టెస్టోస్టిరాన్ నుంచి తయారయ్యే డైహైడ్రోటెస్టోస్టిరాన్ తొమ్మిది నుంచి పన్నెండు వారాల మధ్య అందితే అంకురం శిశ్నమవుతుంది, ఉబ్బులు కలిసి వృషణకోశమవుతాయి. అందకపోతే అదే అంకురం క్లిటోరిస్, అవే ఉబ్బులు బయటి పెదవులు. ఇక్కడ ర్యాలి పోలిక విరిగిపోతుంది. ఒకే మట్టిని రెండు రకాలుగా మలచడమే ఇక్కడ జరుగుతున్నది. పన్నెండు వారాల వరకు రెండు లింగాల్లోనూ అంకురం పొడవు దాదాపు సమానమే కనుక, అంతకు ముందు స్కానింగులో ఆకారం చూసి చెప్పే మాటకు విలువ తక్కువ.

కుడి ఎడమల సిద్ధాంతానికి కూడా ఒక వింత అనుబంధం ఉంది. 1947లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ జోస్ట్ గర్భంలోని కుందేలు పిండాల బీజకోశాలను తొలగించాడు. క్రోమోజోములు ఏవైనా ఆ పిండాలన్నీ ఆడ నాళాలతోనే పెరిగాయి. ఒక పక్క బీజకోశాన్ని మాత్రమే తీసినప్పుడు మార్పు ఆ పక్కకే పరిమితమైంది. వృషణం ప్రభావం తన పక్కనున్న నాళంమీదే ఎక్కువని దీనితో తేలింది. మనుషుల్లో అరుదుగా ఒకే వ్యక్తిలో అండాశయ, వృషణ కణజాలాలు రెండూ ఉన్నప్పుడు వృషణ భాగం కుడివైపు, అండాశయం ఎడమవైపు ఎక్కువగా కనిపిస్తాయి. దీన్ని సుశ్రుతునికి రుజువుగా చూపేవారు సాధారణ శిశువుల్లో రెండు పక్కలా ఒకే రకం బీజకోశం ఉంటుందన్న సంగతిని దాటవేస్తారు.

జోస్ట్ ప్రయోగం వల్ల ఒక మేలు, ఒక కీడు జరిగాయి. లింగభేదం దశలవారీగా జరుగుతుందన్నది దాని మేలు. స్త్రీ శరీరం ఏమీ జరగకపోతే దానంతట అదే మిగిలేదన్న అభిప్రాయం పాఠ్యగ్రంథాల్లో స్థిరపడడం కీడు. జోస్ట్ చూసినది నాళాలను. వాటి గురించిన మాటను స్త్రీత్వం మొత్తానికి అన్వయించారు. తర్వాతి పరిశోధనలు దీన్ని నిలవనీయలేదు. 2006లో ఇటలీకి చెందిన ఒక కుటుంబంలో ఎక్స్‌ఎక్స్ క్రోమోజోములున్నా, ఎస్‌ఆర్‌వై లేకున్నా, ఆర్‌స్పాండిన్‌-1 జన్యువు చెడినందువల్ల వృషణాలు ఏర్పడిన వ్యక్తులను గుర్తించారు. అండాశయ మార్గాన్ని కూడా ఏదో ఒకటి నడిపించాలని దాని అర్థం. 2009లో పెద్ద ఆడ ఎలుకల అండాశయంలో ఫాక్స్‌ఎల్‌2 జన్యువును ఆపినప్పుడు కణాలు వృషణ కణాల వైపు మళ్లాయి. 2017లో ఆడ ఎలుక పిండంలో వోల్ఫ్ నాళం తనంతట కరగదనీ, దాన్ని తొలగించే ప్రోటీను ఒకటి పనిచేస్తుందనీ తేలింది. సంహితలలో తల్లి అంశ గెలిస్తే ఆడపిల్ల, ఇరవయ్యవ శతాబ్ది పాఠంలో ఎవరూ ఆడకపోతే ఆడపిల్ల. రెండు వర్ణనల్లోనూ పురుషుడే కొలమానం.

5. వై క్రోమోజోము వెంట తెలుగు జాడలు

1905లో అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ పిండిపురుగుల్లోనూ, ఎడ్మండ్ విల్సన్ ఇతర కీటకాల్లోనూ లింగంతో ముడిపడిన క్రోమోజోములను గుర్తించారు. మనిషిలో వై అవసరమా, ఎక్స్‌ల సంఖ్య చాలా అన్న ప్రశ్న మాత్రం 1959 వరకు తేలలేదు. ఆ ఏడాది ఎక్స్‌ఎక్స్‌వై ఉన్నవారు పురుషులుగా, ఒకే ఎక్స్ ఉన్నవారు స్త్రీలుగా పెరుగుతారని బ్రిటన్‌లోని పరిశోధకులు చూపారు. వై ఉండడమే మలుపు అని స్పష్టమైంది.

సరిగ్గా ఆ కాలంలోనే గౌతమి అవతలి ఒడ్డున ఉన్న పిఠాపురంలో 1937లో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు కలకత్తాలో జె.బి.ఎస్. హాల్డేన్ వద్ద పరిశోధకునిగా చేరారు. హాల్డేన్ 1957లో ఇంగ్లండు విడిచి భారతదేశానికి వచ్చి స్థిరపడిన జన్యుశాస్త్రవేత్త. వై మీద ఇంకేమైనా గుణాలు ఉన్నాయా అన్నది అప్పటి ప్రశ్న. చెవి అంచున దట్టంగా రోమాలు పెరిగే లక్షణం తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే వస్తోందని ఆంధ్ర కుటుంబాల వంశవృక్షాల ఆధారంగా ద్రోణంరాజు 1960లో వ్యాసం ప్రకటించారు. దశాబ్దాల పాటు పాఠ్యగ్రంథాలు ‘చెవి రోమాల’ను వై గుణానికి ఉదాహరణగా ఇచ్చాయి. 2004లో దక్షిణ భారత పురుషుల వై క్రోమోజోము రకాలను పోల్చి చూసిన అధ్యయనం చెవి రోమాలు ఉన్నవారికీ లేనివారికీ వై వంశాల్లో తేడా లేదని తేల్చింది. సిద్ధాంతం వీగిపోయినా ఆ వంశవృక్షాల సేకరణ వ్యర్థం కాలేదు. అదే కాలంలో ద్రోణంరాజు, మీరా ఖాన్‌తో కలిసి ఆంధ్రలో మేనరికాల తరచుదనాన్ని, ఫలితాలను నమోదు చేశారు. ఆ పని విలువ తర్వాతి విభాగంలో కనిపిస్తుంది.

రెండవ జాడ ఒక పాముది. ఈస్టిండియా కంపెనీ ప్రకృతి పరిశోధకుడు పాట్రిక్ రసెల్ కోరమాండల్ తీరపు పాములను సేకరించి 1796లో ప్రచురించిన గ్రంథంలో వాటి తెలుగు పేర్లను కూడా రాసుకున్నాడు. ‘బంగారు పాము’ వాటిలో ఒకటి. పసుపు నలుపు పట్టీల ఆ విషసర్పం ప్రజాతికి శాస్త్ర నామం ‘బంగారస్’ అని స్థిరపడింది. ఈ పాము డీఎన్‌ఏ నుంచి లాల్జీ సింగ్ ఎడింబరోలో వేరుచేసిన పునరావృత ఖండానికి బీకేఎం అని పేరు. పాముల్లో ఆడదానికే ప్రత్యేకమైన డబ్ల్యూ క్రోమోజోములో అది పోగుపడి ఉంది. ఎలుకల వై మీద, లింగాన్ని నిర్ణయించే ప్రాంతంలోనూ దాని పోలికలు కనిపించడంతో 1980ల మొదట్లో అది పెద్ద ఆశ రేపింది. మగతనపు జన్యువు దాని పక్కనే దొరుకుతుందని భావించారు. 1990లో లండన్ పరిశోధక బృందాలు కనుగొన్న ఎస్‌ఆర్‌వై వేరొకటి. 1987లో సింగ్ హైదరాబాదులోని సీసీఎంబీకి వచ్చారు. బీకేఎం ఖండమే అక్కడ డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతికి సాధనమైంది. లింగ జన్యువు కోసం వెదికిన పనిముట్టు చివరకు న్యాయస్థానాల్లో పితృత్వ వివాదాలకు ఉపయోగపడింది.

6. మేనరికం, నవజాత శిశువు

ఎస్‌ఆర్‌వై ఆరంభమే. దాని తర్వాత ఎన్నో ఎంజైములు, గ్రాహకాలు తమ వంతు పని చేయాలి. వాటిలో కొన్నిటి లోపాలు తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడిన ప్రతి వచ్చినప్పుడే బయటపడతాయి. మేనమామ మేనకోడలిని పెళ్లాడితే పుట్టే సంతానానికి అంతఃప్రజనన గుణకం 1/8, మేనత్త మేనమామ పిల్లల పెళ్లిలో 1/16. గోదావరి మండలంలో ఈ రెండు వివాహాలూ సంప్రదాయ సమ్మతమే. ఆస్తి, ఆప్యాయత రెండూ ఇంట్లోనే ఉంటాయన్న లెక్క దానికి ఊతం. ఈ లెక్కలో జన్యువుల పద్దు చేరలేదు.

అడ్రినల్ గ్రంథిలో 21-హైడ్రాక్సిలేజ్ లోపం వీటిలో ముఖ్యమైనది. ఎక్స్‌ఎక్స్ పిండానికి అండాశయాలు, గర్భాశయం అన్నీ సక్రమంగానే ఏర్పడతాయి. అడ్రినల్ గ్రంథి అతిగా తయారుచేసే పురుష హార్మోనుల వల్ల బాహ్య అంకురం మాత్రం శిశ్నం వలె పెరుగుతుంది. పైన చెప్పిన రెండు పద్ధతులు ఒకే శరీరంలో విడివిడిగా నడుస్తాయనడానికి ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యం లేదు. నాళాలు ఒక దారిన, అంకురం మరొక దారిన వెళ్లాయి. హైదరాబాదు కేంద్రంగా జరిగి 2004లో ప్రచురితమైన నవజాత శిశు పరీక్షల్లో సుమారు 2,600 మందిలో ఒకరికి ఈ వర్గపు లోపం కనిపించింది. దీనికి విరుద్ధంగా 5-ఆల్ఫా రిడక్టేజ్ లోపమున్న ఎక్స్‌వై శిశువు ఆడపిల్ల వలె పుట్టి, యుక్తవయసులో పురుష లక్షణాలు పొందుతుంది. డొమినికన్ రిపబ్లిక్ గ్రామాల్లో ఇటువంటి కుటుంబాలను 1974లో వర్ణించారు. అటువంటి శిశువు పుట్టిన ఇంట్లో మన వాడుక భాషకు దొరికేది ‘పేడి’ అన్న పాత మాటో, అంతకన్న మోటైన తిట్టో మాత్రమే.

ఈ పేద పదజాలం ప్రాణాల మీదికి తెస్తుంది. 21-హైడ్రాక్సిలేజ్ లోపపు తీవ్ర రూపంలో శరీరం ఉప్పును నిలుపుకోలేదు. పుట్టిన రెండవ, మూడవ వారాల్లో వాంతులు, నీరసం, రక్తంలో సోడియం తగ్గి పొటాషియం పెరగడం, ఆపై మరణం. స్టెరాయిడ్ మాత్రలు, ఉప్పు సకాలంలో అందితే ఆ బిడ్డ అందరిలాగే బతుకుతుంది. ఆడశిశువులో అవయవం తేడా ఒక హెచ్చరికగానైనా పనికొస్తుంది, అదే లోపమున్న మగశిశువుకు ఆ హెచ్చరిక కూడా లేదు. అయితే ఆ హెచ్చరికను సిగ్గుగా భావించి బిడ్డను గుడ్డలో దాచినప్పుడు రక్తపరీక్ష జరగదు. మరోవైపు, అవయవాన్ని వెంటనే కోసి సరిచేయాలన్న తొందర. 2019లో మద్రాసు హైకోర్టు అటువంటి శిశువులకు ప్రాణావసరం లేని శస్త్రచికిత్సలు చేయరాదని తీర్పు ఇచ్చింది, తమిళనాడు ప్రభుత్వం ఆ ఏడాదే ఉత్తర్వు వెలువరించింది. ఆ తీర్పు గోదావరి దాటి ఈవలి ఆసుపత్రుల చర్చల్లోకి రావలసిన అవసరం ఉంది.

2011 జనగణనలో అప్పటి తూర్పు గోదావరి జిల్లాలో వెయ్యిమంది పురుషులకు 1006 మంది స్త్రీలు. ఈ లెక్క చూసి సంతోషించేవారున్నారు. వలసలు, ఆయుర్దాయం కూడా అందులో కలిసి ఉంటాయి కనుక పుట్టుకల గురించి అది చెప్పేది కొంతే. రెండు గడుల పట్టికలో ఇమడని శిశువుల గురించి అది ఏమీ చెప్పదు. జనన నమోదుకు గడువు 21 రోజులు. ఆ పత్రంలో ఆడ, మగ అన్న గడి ముందు కుటుంబం తటపటాయించే రోజులూ, బిడ్డ రక్తంలో సోడియం పడిపోయే రోజులూ ఒక్కటే. అమలాపురంలోనో రాజోలులోనో ప్రసూతి వార్డు నర్సు ఆ తటపటాయింపును గమనించి, గడి నింపడం కంటే ముందు శిశువును పిల్లల వైద్యుని వద్దకు పంపగలిగితే చాలు. అందుకు ఆమెకు ‘నిర్ధారణ కాలేదు’ అన్న మాట కంటే ‘వికాసంలో తేడా ఉంది, పరీక్ష చేయాలి’ అన్న మాట ఎక్కువ ఉపయోగపడుతుంది.